మేనమామ పోలిక

ఇది రాజుల జబ్బమ్మా అంది
కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, బొబ్బిలి అమ్మాయి,
పిల్లాడి చేతికి రబ్బరు పట్టీ బిగిస్తూ.
ధైర్యానికే అంది, తెలుసు.
నాకు నవ్వొచ్చింది.
మాకు రాజుల జబ్బులు కొత్తా?
వీపు మీద లేస్తే రాచపుండు,
దగ్గితే రాజయక్ష్మ,
పెద్ద జబ్బు ఏదైనా
పల్లకీ ఎక్కే వచ్చింది మా ఇళ్ళకి.

శ్రీకాకుళం పెద్దాసుపత్రి, మూడో నంబరు గది.
ఫ్రిజ్జులోంచి తీసిన సీసా ఇంకా చల్లగానే ఉంది.
పొడి కరిగేదాకా చెప్పింది ఆ పిల్ల:
సముద్రాల అవతల ఒక రాణి ఉండేదట.
కూతుళ్ళనీ మనవరాళ్ళనీ
ఒక్కో రాజ్యానికి ఒక్కర్ని కోడలిగా పంపిందట.
సారె పెట్టెల్లో నగలు, పింగాణీ, పట్టు దుప్పట్లు,
ఎవరి కంటా పడకుండా ఒంట్లో ఇదీ.
ఆడపిల్లలకి పెద్దగా ఏమీ కాదు,
మోస్తారంతే.
వాళ్ళకి పుట్టిన మగపిల్లాడు
మెట్టు మీద జారితే చాలు
లోపల్లోపల కారుతూనే ఉంటుంది.

మోస్తారంతే అన్నప్పుడు
నా మొహం వైపు చూడలేదు.
మంచి పిల్ల.

మా తమ్ముడు నూకరాజు.
పాలపన్ను ఊడింది. నాలుగు రోజులు.
పొందూరు ఇంట్లో మా అమ్మ ఏకిన దూదంతా
వాడి నోటికే అయిపోయింది,
వంద నంబరు నూలు తీయాల్సిన దూది.
దిష్టి అన్నారు.
తర్వాతెప్పటికో నాకు కొడుకు పుడితే
వీధి వీధంతా వచ్చి చూసి
మేనమామ పోలికే, అదృష్టవంతుడు అన్నారు.
ఆ పేరే పెట్టుకున్నాం.
పోలిక ముక్కు దగ్గర ఆగుతుందనుకున్నాం.

మా ఇంట్లో పత్తి దువ్వేది
వాలుగ చేప దవడతో.
సన్నటి పళ్ళు, వెంట్రుకంత.
వాడికి పాకడం వచ్చిన రోజునే
మా అత్త దాన్ని అటకెక్కించింది.
అక్కడేదో దేశంలో
రాకుమారులు ఆడుకునే తోటలో
చెట్లకి పరుపులు కట్టారని చెప్పుకుంటారట.
మంచుదేశపు పిల్లాణ్ణయితే
ఓ నావికుడు భుజానేసుకుని తిరిగేవాడట,
ఓడ పని మానేసి, అదే ఉద్యోగంగా.
మా ఇంట్లో ఆ ఉద్యోగం వాళ్ళ నాన్నది,
ఆటో తోలి వచ్చాక.

ఆ పిల్లాడి తల్లి గడ్డం బైరాగినెవర్నో నమ్మిందట.
నవ్వకండి డాక్టరుగారూ,
ఆమదాలవలస దాటాక ఒకాయన
పసరు కట్టు కట్టి మూడువేలు తీసుకున్నాడు.
మంచం పక్కన కూర్చుని ఒకడు తగ్గుతుంది అంటే
ఏ తల్లి కిరీటం తీసి ఇచ్చెయ్యదు?

ఆ బాబు ఏమయ్యాడు, అడిగాను.
సూది దించుతోంది. వినలేదనుకున్నా.
జబ్బుతో పోలేదమ్మా, అంది కాసేపటికి.
రాజ్యం పోయింది.
పద్నాలుగు నిండకముందే, ఓ రాత్రి
ఇంటిల్లిపాదినీ కిందికి రమ్మన్నారు.
నడవలేకపోతే నాన్న ఎత్తుకుని మెట్లు దిగాడట.
కింద తుపాకులు.
దూది అద్ది, గట్టిగా నొక్కి పట్టుకోమంది.
నొక్కాను.
చాల్లెండి అన్నా వదల్లేదు.

ఇప్పుడా కోటల్లో ఎవరికీ లేదట ఇది.
పేపర్లో పెళ్ళి ఫొటోల్లో చూస్తాం కదా,
గుర్రపు బగ్గీలో చేతులూపే కుర్రాళ్ళని,
వాళ్ళ మోకాళ్ళు బాగానే వంగుతాయి.
వాళ్ళు దిగిపోయిన పల్లకీలో
నెలకి మూడుసార్లు, చిలకపాలెం మీదుగా,
మేము.

దారిలో వాడు
మోకాలి మీద ఐసు సంచి జరుపుకుంటూ
"అమా, ఆ రాజుగారి గుంటడికి కాలు వాస్తే
ఐసెక్కడిదే?" అన్నాడు.
మంచుదేశం కదరా,
గుమ్మం దాటితే అంతా ఐసే.
చాలాసేపు ఆలోచించాడు.
"అయితే ఆడికి బాగున్నాది" అన్నాడు,
సంచిలో మిగిలిన నీళ్ళని
వేళ్ళతో నొక్కి చూసుకుంటూ.